చేవ చూసి పొత్తు కలపండి

టేకు ముక్క ఒకటి, ఇరుగుడు ముక్క ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి. టేకుది తేనె రంగు. ఇరుగుడుది పండిన నేరేడు రంగు, మధ్యలో నల్లటి చారలు. టేకు చేతికి తేలిగ్గా ఆనుతుంది, ఇరుగుడు బరువుగా దిగుతుంది. చూసినవాళ్ళెవరైనా “ఈ రెంటికీ ఏం పొత్తు?” అంటారు. ముక్కలు అతికి గిన్నె చేసే పనివాడు మాత్రం ఈ జతను చూస్తే నిశ్చింతగా ఉంటాడు. పచ్చి చెక్క పూర్తిగా ఎండేలోపు వలయాల వెంబడి టేకు 5 శాతానికి కాస్త పైన, ఇరుగుడు 6 శాతం దగ్గర కుంచించుకుంటాయి. అంటే వానలకు రెండూ ఇంచుమించు ఒకే మేర ఉబ్బుతాయి, ఎండలకు ఒకే మేర తగ్గుతాయి. రంగు, బరువు, వాసన అన్నీ వేరే అయినా కాలం మారినప్పుడు వాటి నడక కలుస్తుంది. అందుకే ఏళ్ళు గడిచినా ఆ అతుకు వీడదు.

మీరు ఇప్పుడు ఎవరితోనో పొత్తు కలపబోతూ ఉండొచ్చు. కలిసి ఒక కొట్టు పెట్టాలనుకోవచ్చు, ఒకే గదిలో ఉండి గ్రూప్స్‌కి చదవాలనుకోవచ్చు, పెళ్ళి మాటలు నడుస్తూ ఉండొచ్చు. అప్పుడు మనం ఏం చూస్తాం? అభిరుచులు కలిశాయా, మాట కలిసిందా, నాలుగు గంటలు కూర్చుంటే పొద్దు తెలియలేదా అని చూస్తాం. అదంతా రంగు చూడటమే. ఎండ ముదిరినప్పుడు ఆ మనిషి ఎంత ముడుచుకుంటాడు, నాలుగు డబ్బులు వచ్చినప్పుడు ఎంత ఉబ్బుతాడు, ఆ రెండు వేళల్లో నేనెంత కదులుతాను అని అడిగేవాళ్ళు తక్కువ. నాకూ ఆ ప్రశ్న తోచలేదు. ఆత్మకూరులో మా మేనమామ లేత్ దగ్గర, పగిలిన గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న రోజున తోచింది.

మా మామది మంచం కోళ్ళు, ఊయల కడ్డీలు, చపాతీ కర్రలు తీసే పని. ఇప్పుడందరూ లేత్ అంటున్నారు గానీ ఆయన ఇంకా తరిణె అనే అంటాడు. నాకు ఆ యంత్రం మీద చిన్నప్పటి నుంచీ మోజు. కొన్నేళ్ళ కిందట ముక్కల గిన్నె చేస్తానని పట్టుబట్టాను. పెద్ద దుంగను తొలిచి చేసే గిన్నె కాదిది. పన్నెండు చిన్న ముక్కల్ని వాలుగా కోసి, బంక పెట్టి గుండ్రంగా అతికితే ఒక వలయం వస్తుంది. అలాంటి వలయాల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, అడుగున ఒక పలక పెట్టి, ఎండాక తరిణె పట్టాలి. చెక్క రంగుల్ని బట్టి గిన్నె చుట్టూ పట్టీలు, మెట్లు, ముగ్గులు వస్తాయి. అమెరికాలో ఈ పని చేసేవాళ్ళు నల్లటి వాల్‌నట్‌నీ తెల్లటి మేపుల్‌నీ జత కడతారు. మనకు ఆ చెట్లు లేవు. పాత వాకిలి విప్పినప్పుడు మిగిలిన ఇరుగుడు ముక్కలు నా దగ్గర ఉన్నాయి. తెలుపు కోసం కలప అడితిలో మామిడి పలక కొన్నాను. “బాగా ఆరిందమ్మా” అన్నారు. నమ్మాను. అది కార్తీక మాసం, వానలు పడుతున్నాయి. వలయాలన్నీ ఇరుగుడుతో చేసి, అడుక్కి అయిదంగుళాల మామిడి పలకను ఒకే ముక్కగా అతికాను. నూనె పట్టించాక ఇంట్లో అందరూ చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు.

మే నెలలో ఒక రాత్రి, వడగాలి ఇంకా తగ్గని వేళ, అలమరలోంచి టప్ మని శబ్దం వచ్చింది. పొద్దున్నే చూస్తే అడుగు పలక నడిమికి చీలి ఉంది. సందులోకి గోరు దూరుతోంది. సుమారు రెండు మిల్లీమీటర్లు.

మామ ఆ గిన్నెను అటూ ఇటూ తిప్పి, చీలిక మీద బొటనవేలు పెట్టి, “చెక్క అబద్ధం చెప్పలా అమ్మణ్ణీ. నువ్వే అడగలా” అన్నాడు.

తర్వాత ఆయన విడమరిచి చెప్పింది నాకు ఇప్పటికీ నోటికి ఉంది. చెక్క పొడుగునా దాదాపు కదలదు. అడ్డంగా కదులుతుంది. వలయంలో ముక్కలన్నిటి నార గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి వలయం చుట్టుకొలత ఎప్పుడూ అంతే ఉంటుంది. అడుగు పలకేమో అడ్డంగా ముడుచుకోవాలి. చుట్టూ వలయం పట్టుకుని ఉంది. ముడుచుకునే దారి లేక చీలింది. మామిడి మంచిదే, ఇరుగుడు మంచిదే, బంకా మంచిదే. అడుగు పలక ఇరుగుడుదైనా, పచ్చిగా పెట్టి ఉంటే చీలేదే.

ఇక్కడ కాస్త ఆగండి. మన చుట్టూ విడిపోయిన పొత్తుల్లో చాలా వాటికి తప్పు చేసినవాడెవడని వెతుకుతాం. ఇద్దరిలో ఒకరిని చెడ్డవాణ్ణి చేస్తేగానీ మనసు ఊరుకోదు. ఇద్దరూ మంచివాళ్ళే అయి, ఇద్దరి కదలిక వేర్వేరు దిక్కులైతే, మధ్యలో చోటు వదలకపోతే, అప్పుడూ చీలుతుంది. మీ పాత స్నేహం ఒకటి ఇలా చీలి ఉంటే, ఈ పూట దాన్ని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని చూడండి. చెడ్డవాడు దొరకకపోవచ్చు. దిక్కు దొరుకుతుంది.

తెలుగులో చేవ అనే మాట ఉంది. మాను నడిమిలో గట్టిపడిన భాగం చేవ. బెరడు దగ్గర ఉండేది తెల్లచెక్క. మనిషిని కూడా “చేవ ఉన్నవాడు” అంటాం. ఆ మాటను మొదట అన్నవాడు గొడ్డలి పట్టినవాడే అయి ఉంటాడని నా నమ్మకం. చేవ ఒక్క రోజులో రాదు. చెట్టు లోపలి పొరలు ఒక్కొక్కటిగా నీళ్ళు మోయడం మానేసి, రసాలు నింపుకుని, రంగు తిరిగి, పురుగుకు లొంగకుండా తయారవుతాయి. తెల్లచెక్కకు తేమ ఎక్కువ, పురుగు తొందరగా పడుతుంది. కొత్తగా కోసిన పలకలో రెండూ పక్కపక్కనే నున్నగా మెరుస్తాయి. కొనేవాడు మెరుపు చూస్తాడు. వడ్రంగి అంచు చూస్తాడు. మీరు జత కట్టబోయే మనిషిలో అంచు ఏది? తనకు లాభం లేని చోట, తనను ఎవరూ చూడని చోట, తనకంటే చిన్నవాళ్ళతో ఎలా ఉంటాడో అది అంచు. హోటల్లో బల్ల తుడిచే కుర్రాడితో మాట్లాడే తీరు చూడండి. అప్పు తీర్చాల్సిన తేదీ వచ్చినప్పుడు ఫోను ఎత్తుతాడో లేదో చూడండి. పదిసార్లు సినిమాకు వెళ్ళినా తెలియనిది ఆ ఒక్క తేదీన తెలుస్తుంది.

చెక్క ఆరిందో లేదో ఎలా తెలుసుకోవాలని మామను అడిగాను. నేను ఏదో యంత్రం పేరు చెబుతాడనుకున్నాను. “తూచు. వారం తర్వాత మళ్ళీ తూచు. తగ్గతా ఉందంటే పచ్చి. నాలుగు వారాలు ఒకే బరువు ఉందంటే ఆరినట్టు” అన్నాడు. వంటింటి తక్కెడ చాలు. ఆరుబయట నీడన పేర్చిన పలక అంగుళం మందానికి ఏడాది అడుగుతుందని పాతకాలం లెక్క. ఆ ఏడాది ఎవరికీ ఇష్టం ఉండదు. నాకూ ఉండలేదు. కాచుకోవడం ఎంత పని చేస్తుందో చెప్పడానికి మా పశ్చిమ నెల్లూరులో పెరిగినవాళ్ళకు ఉదయగిరి దుర్గం కళ్ళముందే ఉంటుంది. శ్రీకృష్ణదేవరాయలంతటివాడు గజపతుల చేతిలోని ఆ కొండ కిందికి 1513లో వచ్చి ఏడాదికి పైగా కాచుకుని కూర్చుంటేగానీ 1514లో కోట చేతికి రాలేదు. ఆ గోడల మీద విసిరిన రాళ్ళకంటే కింద గడిపిన నెలలే ఎక్కువ పని చేశాయి. మనం వారం రోజుల పరిచయంతో ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరుస్తాం.

తూచడం అన్నానే, అది ఎదుటివాళ్ళకే అనుకోకండి. ముందు మిమ్మల్ని తూచుకోండి. ఉద్యోగం పోయిన నెలలో, తల్లినో తండ్రినో పోగొట్టుకున్న ఏడాదిలో, ప్రేమ విఫలమైన వారంలో మనమంతా పచ్చి చెక్కలమే. అప్పుడు ఎవరు చేయి చాచినా పట్టుకోవాలనిపిస్తుంది. పట్టుకోండి, ఏడవండి, అన్నం తినండి. పొత్తు మాత్రం అప్పుడు కలపకండి. మీ బరువు ఇంకా మారుతోంది. ఆరాక మీరు వేరే కొలతలో ఉంటారు. అప్పటి అతుకు ఇప్పటి కొలతకు సరిపోదు. ఈ ఒక్క మాట నాకు ఇరవై అయిదేళ్ళప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

ఉదయగిరి అన్నాను కాబట్టి అక్కడి పనివాళ్ళ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఆ ఊరి చెక్క చెంచాలు, ఫోర్కులు, గరిటెలు, దువ్వెనలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. తరాలుగా ఆ పని చేస్తున్నవి ఎక్కువగా ముస్లిం కుటుంబాలు. ఆడవాళ్ళ చేతులు ఎక్కువ. దుర్గం కొండల చుట్టూ పెరిగే నర్ది, బిక్కి, కల్ది, పాలబరికి, దేవదారి లాంటి చెక్కలు వాడతారు. ఈ దేవదారి హిమాలయాల దేవదారు కాదు, మన పొడి గుట్టల మీద పెరిగే చిన్న చెట్టు. దాని చేవ ఎర్రగా ఉంటుంది, కోస్తే సువాసన. అడవిలోని పెద్ద మానుల ముందు ఈ చెట్లు ఏపాటివి? కలప అడితి వాడు వీటి వంక చూడడు. సన్న నార, బిగువైన చెక్క కావాల్సిన పనికి మాత్రం ఇవే కావాలి. బిక్కి జాతి చెక్కను దువ్వెనలకు వాడేది అందుకే. పళ్ళు సన్నగా కోసినా విరగకూడదు. చెంచాకు ఇంకో నిబంధన కూడా ఉంది. నోట్లో పెట్టుకునేది కాబట్టి రుచి దిగకూడదు, రంగు దిగకూడదు.

ఒక ఇంటి పంచలో పెద్దావిడ ఒకరు గరిటె కాడ మీద ఆకు చెక్కుతుంటే పక్కన కూర్చుని చూశాను. ఆకురాయి ఒక వాటంలో సాఫీగా పోతోంది, సన్నటి పొడి రాలుతోంది. వంపు తిరిగే చోట నార ఎదురు తిరుగుతుంది. అక్కడ బలవంతాన తోస్తే పోగులు లేస్తాయి. ఆమె తోయలేదు. ఆకురాయి పట్టిన చెయ్యి కదపకుండా గరిటెను ఒళ్ళో తిప్పుకుంది. మళ్ళీ సాఫీ. ఒక్క ఆకు పూర్తయ్యేలోపు పద్నాలుగుసార్లు తిప్పిందని లెక్కపెట్టాను. “ఆపా, విసుగు రాదా?” అంటే, “దాని వాటం దానిది కదమ్మా” అంది, తల ఎత్తకుండానే.

దాని వాటం దానిది. ఇంటికి వచ్చే బస్సులో ఆ మాటే. నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయి పొద్దున్నే ఏం చెప్పినా చిరాకు పడుతుంది, మధ్యాహ్నం అదే మాట నవ్వుతూ వింటుంది. రెండేళ్ళుగా నేను పొద్దున్నే చెప్పి గొడవ పడుతున్నాను. ఆకురాయిని ఎదురు నారకు తోస్తున్నానన్నమాట. సమయం మార్చాను, అంతే. మీరు కూడా మీ పక్కనున్న మనిషి నార ఎటు పారుతుందో ఒక వారం గమనించండి. ఎప్పుడు అడిగితే ఔనంటారు, ఏ మాటకు పోగులు లేస్తాయి, ఏ పని ఇస్తే మెరుస్తారు. చెప్పే విషయం మార్చక్కర్లేదు. తిప్పుకునే చోటు తెలిస్తే చాలు.

రెండో గిన్నె మొదలుపెట్టినప్పుడు మామ నన్ను కోణాల దగ్గర కూర్చోబెట్టాడు. పన్నెండు ముక్కల వలయానికి 24 కొసలు. ఒక్కో కొస 15 డిగ్రీల వాలులో కోయాలి. 24ని 15తో గుణిస్తే 360, వలయం మూసుకుంటుంది. రంపం పావు డిగ్రీ తప్పిందనుకోండి. ఒక్క ముక్కలో అది కంటికి ఆనదు, చేతికి తగలదు. రెండు ముక్కలు కలిపి చూసినా తెలియదు. పన్నెండో ముక్క పెట్టేసరికి 6 డిగ్రీల నోరు తెరుచుకుని ఉంటుంది. అప్పుడు మనం చేసే తప్పు ఏమిటంటే, ఆఖరి ముక్కను తిట్టడం. బిగించి, పట్టీలు వేసి, బంక నింపి మూయబోవడం. మూసుకున్నట్టే ఉంటుంది, తరిణె ఎక్కి తిరిగేటప్పుడు విడిపోతుంది.

ఇంట్లో ఆఖరి గొడవ గుర్తు చేసుకోండి. ఏ చిన్న విషయానికి వచ్చిందో గుర్తుందా? పెరుగు తోడు వేయడం మరిచిపోయినందుకు ఇంత రభసా అని ఆశ్చర్యపోయి ఉంటారు. అది పన్నెండో ముక్క. తప్పు మొదటి ముక్క నుంచీ పావు పావు చొప్పున పేరుకుంటూ వచ్చింది. “చిన్నదే కదా, ఇప్పుడెందుకు చెప్పడం” అని మింగిన ప్రతి మాటా ఒక పావు డిగ్రీ.

దీనికి చెక్కపనిలో చక్కని ఉపాయం ఉంది. పన్నెండూ ఒకేసారి అతకరు. ఆరు ఆరుగా రెండు అరవలయాలు అతికి, ఆరాక వాటి కొసల్ని చదునైన బల్లకు అంటించిన ఉప్పుకాగితం మీద రుద్ది ఒక్క గీతకు తెస్తారు. అప్పటిదాకా పేరుకున్న తేడా అక్కడే అరిగిపోతుంది. తర్వాత రెండు అరలూ కలుపుతారు. అంటే పొరపాటు జరగదని భరోసా పెట్టుకోలేదు. జరుగుతుందని ఒప్పుకుని, దాన్ని సరిచేయడానికి సగం దారిలో ఒక చోటు ఉంచుకున్నారు. మీ పొత్తులో ఆ చోటు ఎక్కడుంది? భాగస్వాములైతే నెలకొకసారి పద్దు ముందు పెట్టుకుని ఎవరు ఎంత తీసుకున్నారో, ఎవరికి ఏది గుచ్చుకుందో చెప్పుకోండి. భార్యాభర్తలైతే ఆదివారం సాయంత్రం ఒక గంట, ఫోన్లు పక్కన పెట్టి. గొడవ ఉన్నా లేకపోయినా కూర్చోవాలి. గొడవ వచ్చినప్పుడే కూర్చుంటామంటే అది ఆఖరి ముక్క దగ్గర ఉప్పుకాగితం వెతకడం.

ఇప్పుడు అసలైన సంగతి. ముక్కల మధ్య అతుకు, నిజానికి, బలహీనం. వాలుగా కోసిన కొసలో నార గొట్టాలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. బంక పెట్టగానే తాగేస్తాయి. అందుకే మొదట పల్చగా ఒక పూత పెట్టి, అది ఇంకనిచ్చి, ఆ మీద రెండో పూత పెట్టి అతుకుతారు. అయినా ఆ వలయాన్ని ఒంటరిగా తీసుకుని గట్టిగా నొక్కితే అతుకు దగ్గరే విరుగుతుంది. మరి గిన్నె ఎలా నిలుస్తోంది? పైవలయం అతుకు కింది వలయం అతుకు మీదికి రాకుండా, కింది ముక్క నడిమికి వచ్చేలా పేరుస్తారు. మేస్త్రి ఇటుకలు పేర్చినట్టే. ప్రతి అతుకునూ పైనొక నిండు ముక్క, కిందొక నిండు ముక్క పట్టుకుని ఉంటాయి.

ఇది తెలిసిన రోజు నేను చాలాసేపు పని చేయలేకపోయాను. ఇద్దరి మధ్య బంధం ఎంత గట్టిదైనా, ఇద్దరినే ఒంటరిగా వదిలేస్తే, అతుకు దగ్గర విరుగుతుంది. పైన ఒక తరం, కింద ఒక తరం, పక్కన ఇద్దరు స్నేహితులు, ఒక పిన్ని, ఒక మాస్టారు ఉన్నప్పుడు నిలుస్తుంది. “మా ఇద్దరికీ మేమిద్దరం చాలు” అనే జంటల్ని చూస్తే నాకు దిగులు. చాలరు. అలాగే ఒక ఇంట్లో అందరికీ ఒకేచోట అతుకు రాకూడదు. ఇద్దరికీ కోపం ఎక్కువే అయితే, ఇద్దరికీ డబ్బు నిలవకపోతే, ఇద్దరూ నిర్ణయాలు వాయిదా వేసేవాళ్ళే అయితే, అక్కడ అతుకు మీద అతుకు పడుతుంది. గోడ ఆ గీత వెంట చీలుతుంది. మీ బలహీనత ఏదో నిజాయితీగా రాసుకోండి. దాని ఎదురుగా నిండు చెక్క ఎవరిలో ఉందో వెతకండి. ఒకే కోపం ఉన్నవాడితో రెండు గంటలు సరదాగా గడుస్తాయి, వ్యాపారం గడవదు.

రంగుల సంగతి తొందరగా చెప్పేస్తాను. గిన్నెకు మూడు చెక్కలు మించవద్దు. అందులో ఒకటే పెద్దది, నెమ్మదైనది ఉండాలి. ఇంకొకటి పట్టీగా. మూడోది గీతగా, గోరంత. అన్నీ చారలూ సుడులూ ఉన్న చెక్కలే తెచ్చి అతికితే కన్ను ఎక్కడా నిలవదు. జట్టులో అందరూ మాటకారులే ఉంటే జరిగేదీ ఇదే. నెమ్మదిగా ఉండేవాణ్ణి “చురుకు లేదు” అని పక్కన పెట్టకండి. గిన్నె ఒళ్ళంతా అతనే.

కొత్త కోతలోని రంగును నమ్మకండి. పడాక్ చెక్క కోసిన రోజు నిప్పులా మండుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమ రంగుకు దిగుతుంది. టేకు కోసిన రోజు మచ్చలు మచ్చలుగా ఉంటుంది, వెలుగు తగిలేకొద్దీ ఒక్క తీరుగా బంగారు రంగుకు తేరుకుంటుంది. ఇంకొక జాగ్రత్త. రంగు దిగే చెక్కలుంటాయి. వేగిస చెక్క గ్లాసులో రాత్రి నీళ్ళు పోసి ఉంచితే పొద్దుటికి రంగు తిరుగుతాయి, మధుమేహానికి మంచిదని తాగేవాళ్ళ ఇళ్ళలో చూసే ఉంటారు. అదే ప్రజాతికి చెందిన ఎర్రచందనం రంగు స్పిరిట్‌లో ఇట్టే కరుగుతుంది. మన వెలిగొండల్లో, శేషాచలంలో పెరిగే ఆ మాను అడవి సొత్తు, దొంగచాటు ముక్క చేతికొచ్చినా తాకకండి. ఇలాంటి ఎర్రచెక్కను తెల్లటి చెక్క పక్కన పెట్టి ఉప్పుకాగితం పడితే ఎర్రటి పొడి తెల్లదాని రంధ్రాల్లోకి దిగిపోతుంది. ఎంత తుడిచినా పోదు. అందుకే ముందుగా తెల్లటి చెక్క మీద లక్కపూత వేసి రంధ్రాలు మూసుకుంటారు. మీకు తొందరగా ఎదుటివాళ్ళ రంగు అంటుకునే స్వభావం ఉంటే, గట్టి మనిషి పక్కన చేరే ముందు మీ పూత మీరు వేసుకోండి. నేను ఏది మానను, ఎవరిని వదలను, ఎన్ని గంటలకు ఇంటికి వెళ్తాను. ఈ మూడూ తేల్చుకుని వెళ్ళండి. వెళ్ళాక తేల్చుకుంటానంటే అప్పటికే మీరు గులాబీ రంగులో ఉంటారు.

అసలు పొత్తు అక్కర్లేని పనులూ ఉన్నాయి. బొబ్బిలిలో ఏకాండి వీణ ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. ఏటికొప్పాక లక్కబొమ్మకు ఒక్క అంకుడు కర్ర చాలు, రంగులన్నీ తిరుగుతున్న కర్ర మీద లక్కతో పూస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీరు తలపెట్టినది వీణలాంటి పనా, గిన్నెలాంటి పనా ముందు తేల్చుకోండి. రచన, సంగీతం, పోటీపరీక్ష. ఇలాంటివి చాలావరకు ఏకాండివే. భయం వల్ల తోడు వెతుక్కుంటే తోడుకీ నష్టం, పనికీ నష్టం.

రెండో గిన్నెకు అడుగు ఎలా పెట్టాలని మామను అడిగాను. ఆయన లేచి మా ఇంటి పాత పలకల తలుపు దగ్గరికి తీసుకెళ్ళాడు. చట్రం గాడిలో కూర్చున్న పలకను అరచేత్తో తోసి చూపించాడు. సన్నగా కదిలింది. నూరేళ్ళ తలుపు. గాడిలో బంక లేదు. వానాకాలం పలక ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది, చట్రం పట్టించుకోదు. “మన పెద్దోళ్ళు పలకని కట్టేయలా. చోటిచ్చినారు” అన్నాడు. నేను టేకు వలయాలు, మధ్యలో ఇరుగుడు పట్టీ ఒకటి, లోపలి అంచున సన్నటి గాడి, ఆ గాడిలో బంక లేకుండా టేకు పలక పెట్టాను. టేకు, ఇరుగుడు రెంటికీ నూనె స్వభావం ఉంది కాబట్టి అతికే ముఖాల్ని అసిటోన్‌తో తుడిచి వెంటనే బంక పెట్టాను. ఆ గిన్నెకు ఇప్పటికి ఆరు ఎండాకాలాలు.

కిందటి మాఘంలో మా చెల్లెలి కొడుకు వచ్చాడు. స్నేహితుడితో కలిసి ఆత్మకూరులో టిఫిన్ హోటల్ పెడతాడట. ఇద్దరూ ఇంజనీరింగ్ నుంచీ ప్రాణస్నేహితులు. అడ్వాన్సు ఇచ్చేయాలని తొందర. “పెద్దమ్మా, వాడూ నేనూ ఒకటే” అన్నాడు. కాదనలేదు. హోటల్ బదులు ముందు ఒక బండి పెట్టుకోమన్నాను. మాఘం నుంచి రోహిణి కార్తె దాకా. పెళ్ళిళ్ళ కాలంలో అమ్మకాలు బాగుంటాయి, రోహిణి ఎండల్లో రోడ్డు మీద మనిషి కనపడడు. రెండూ చూడండి, వచ్చింది ఎంతైనా రాత్రికి రాత్రి రాసుకోండి అన్నాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళాడు.

తొలకరి పడ్డ వారం ఇద్దరూ కలిసి ఇంటికి వచ్చారు, నల్లబడి, చిక్కి. మా అమ్మ రెండో గిన్నెలోంచి వక్కపలుకులు తీసి వాళ్ళ చేతుల్లో పెట్టింది. వాడు సంచిలోంచి పద్దు పుస్తకం తీసి నా ముందు తెరిచాడు. వైశాఖం పేజీల్లో అంకెలు సన్నగా ఉన్నాయి. రెండు చోట్ల కొట్టివేతలు, పక్కన సంతకాలు. ప్రతి పేజీలోనూ రెండు చేతిరాతలు ఉన్నాయి.